ఐరిష్ వాటర్ రివ్యూ: నీళ్లకు నాలుగు స్టార్లు, వసూలుకు ఒక్కటి

ఐర్లాండ్‌కి కొత్తగా వచ్చే మనవాళ్లకు అద్దె ఇల్లు దొరకగానే నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కరెంటు ఎంతొస్తుంది, గ్యాస్ ఎంతొస్తుంది, చెత్త బండికి ఎంత, నీళ్లకు ఎంత? మొదటి మూడూ చెప్పేసరికి అవతలివాళ్ల గొంతు పడిపోతుంది. నాలుగోదానికి సున్నా అంటే మాత్రం నమ్మరు. "సున్నా ఏంటన్నా, కుళాయి పన్నన్నా ఉంటుంది కదా" అంటారు. లేదు తమ్ముడూ, ఉండేది. ఏడాదిన్నర కూడా బతకలేదు. జనం కట్టం పొమ్మన్నారు, కట్టినవాళ్లకు డబ్బులు వాపసు ఇచ్చారు.

ఫోన్లో ఈ కథంతా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను తెనాలివాణ్ని. 2012 నుంచి డబ్లిన్‌లో, అందులోనూ టాలా ఏరియాలోనే ఉంటున్నాను. నీటి చార్జీల గొడవ ఎక్కువ జరిగిన చోట్లలో ఇదొకటి. ఈ రివ్యూ దేశమంతా నీళ్లిచ్చే ప్రభుత్వ కంపెనీ, అప్పటి ఐరిష్ వాటర్ గురించి. 2022 చివర్లో ఆ సంస్థ ఐరిష్ భాషలో ఇష్కా ఏరన్ అని పేరు మార్చుకుంది. మనవాళ్లెవరూ ఆ పేరు పలకరు కాబట్టి పాత పేరే వాడతాను.

ముందు నీళ్ల సంగతి. డబ్లిన్ తాగే నీళ్లలో పెద్ద భాగం లిఫీ నది నుంచే వస్తుంది. ఊరికి నైరుతిలో, విక్లో కొండల పక్కన ఆనకట్ట కట్టి పూలాఫూకా అనే రిజర్వాయరు చేశారు. దాని కింద బాలీమోర్ యూస్టస్‌లో శుద్ధి చేసి పంపిస్తారు. ఇరవై నాలుగు గంటలూ కుళాయి తిప్పితే నీళ్లే. బిందెలు లేవు, సంపు లేదు, మోటారు వేశావా ఆపావా అని ఇంట్లో కేకలు లేవు. క్యాన్ వాడికి ఫోన్ చేసే పని లేదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వంటింటి కుళాయి నీళ్లు నేరుగా గ్లాసులో పట్టుకుని తాగుతుంటే, "కాచకుండానేరా?" అని గ్లాసు లాక్కుంది. వారం తర్వాత తనూ తాగడం మొదలుపెట్టింది. కానీ మనూరి నీళ్ల రుచి లేదని వెళ్లేదాకా అంటూనే ఉంది.

ఒక్క జాగ్రత్త. పాత ఇళ్లలో వంటింటి కుళాయికే మెయిన్ లైను నుంచి నీళ్లు నేరుగా వస్తాయి. బాత్రూం కుళాయిలకు అటక మీదున్న ట్యాంకు నుంచి వస్తాయి. ఆ ట్యాంకును ఎవరూ కడిగిన పాపాన పోరు. తాగేవి, వంటకి వాడేవి వంటింట్లోనే పట్టుకోండి.

ఇంకో విచిత్రం. ఇక్కడ నీళ్లలో ఫ్లోరైడ్ కావాలని కలుపుతారు, పళ్లు పుచ్చకుండా. డబ్లిన్‌లో 1964 నుంచి కలుపుతున్నారు. ఇప్పుడు లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాముల మధ్య ఉంచుతారు. ఈ మాట మా ఇంట్లో ఉండే నల్గొండ అబ్బాయికి చెప్తే తిన్న ముద్ద గొంతులో ఆగిపోయింది. వాళ్ల మర్రిగూడ వైపు మనుషుల ఎముకలు వంకర్లు పోయేది ఆ ఫ్లోరైడ్ ఎక్కువయ్యే. దాన్ని తీసేయడానికి అక్కడ తరాలు కొట్టుకుంటుంటే ఇక్కడ చెంచాతో కొలిచి పోస్తున్నారు. మోతాదులో తేడా ఉంది, నిజమే. అయినా వాడు చాలా రోజులు సూపర్ మార్కెట్ సీసాలే తెచ్చుకున్నాడు.

నీళ్ల సరఫరాలో లోట్లు లేవని కాదు. 2018 మార్చిలో మంచు తుఫాను వచ్చి పైపులు పగిలాయి, డబ్లిన్ చుట్టుపక్కల రాత్రిళ్లు ప్రెషర్ తగ్గించారు. అదే ఏడాది ఎండాకాలంలో వానల్లేక తోటలకు పైపుతో నీళ్లు పట్టొద్దన్నారు. 2019లో డబ్లిన్‌కి నీళ్లిచ్చే లీక్స్‌లిప్ ప్లాంటులో శుద్ధి సరిగా జరగక ఆరు లక్షల మందికి పైగా నీళ్లు కాచుకుని తాగాల్సి వచ్చింది. ఒకసారి అక్టోబరులో, అది తీరిందనుకునేలోపు నవంబరులో మళ్లీ. మా టాలాకి తగల్లేదు గానీ ఉత్తర డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లు దుకాణాల్లో నీళ్ల సీసాల కోసం తిరిగారు. అన్నీ కలిపి చూసుకున్నా, నీళ్లకు నాలుగు స్టార్లు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక వసూలు.

2010 చివర్లో ఇక్కడి బ్యాంకులు కుప్పకూలితే ప్రభుత్వం యూరోపియన్ యూనియన్ దగ్గర, ఐఎంఎఫ్ దగ్గర అప్పు తెచ్చుకుంది. అప్పిచ్చినవాళ్లు పెట్టిన షరతుల్లో ఇళ్లకు నీటి చార్జీ వేయడం ఒకటి. అప్పటిదాకా నీళ్లు కౌన్సిళ్లు, అంటే మన మున్సిపాలిటీల్లాంటివి, చూసుకునేవి. డబ్బు పన్నుల్లోంచి వచ్చేది. 2013లో ఐరిష్ వాటర్ అనే కంపెనీ పెట్టి దేశమంతటి పైపులూ దాని చేతికిచ్చారు. 2014 అక్టోబరు 1 నుంచి చార్జీ మొదలన్నారు.

కంపెనీ గురించి మేము మొదట విన్నది నీళ్ల గురించి కాదు, కన్సల్టెంట్ల గురించి. 2014 జనవరిలో దాని అధిపతి జాన్ టియర్నీ రేడియోలో మాట్లాడుతూ, మొదటి ఏడాదిలోనే కన్సల్టెంట్లకు 5 కోట్ల యూరోలు ఖర్చయిందని చెప్పాడు. ఆ రోజు ఆఫీసులో ఐరిష్ వాళ్లు కాఫీ మిషను దగ్గర ఇంకో మాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఉద్యోగుల బోనస్‌ల సంగతి బయటికొచ్చింది. పనితీరు "మెరుగుపడాలి" అని రేటింగ్ వచ్చినవాళ్లకు కూడా బోనస్ ఉందట. మన దగ్గర ఐటీ కంపెనీల్లో అలాంటి రేటింగ్ వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఈలోపు మీటర్లు. ఇక్కడ మీటరు ఇంట్లో పెట్టరు. గేటు బయట ఫుట్‌పాత్ తవ్వి, చిన్న గుంటలో బిగించి, పైన అరచేయంత మూత వేస్తారు. మా వీధిలోకి మీటర్ల బండి వచ్చిన రోజు పక్కింటి పెద్దావిడ వంటింటి కుర్చీ తెచ్చుకుని, తన ఇంటి ముందున్న పాత స్టాప్‌కాక్ (ఇంటికొచ్చే నీళ్లు ఆపే వాల్వు) మూత మీద వేసుకుని కూర్చుంది. ఒళ్లో ఫ్లాస్కు, మీద రెయిన్ కోటు. ఎదురింటివాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. పనివాళ్లు ఆమెను ఏమీ అనలేరు, కుర్చీ జరపలేరు. కాసేపు ఫోన్లు మాట్లాడుకున్నారు. ఇద్దరు పోలీసులు వచ్చి మర్యాదగానే మాట్లాడారు. ఆవిడ వాళ్లకు టీ ఇవ్వబోయింది. చివరికి బండి పక్క వీధికి పోయింది. మా ఇంటి ముందు ఎవరూ కూర్చోలేదు కాబట్టి మాకు మాత్రం మీటరు పడింది.

నేను వెళ్లి అడిగాను, ఏంటండీ మీ అభ్యంతరం అని. ఆవిడ చెప్పింది క్లుప్తంగా ఇది. 1977 ఎన్నికల తర్వాత ఇళ్ల మీద పన్ను తీసేసి, ఆ లోటు పూడ్చడానికి వేరే పన్నులు పెంచారు. మా నీళ్ల డబ్బు అందులోనే ఉంది, కడుతూనే ఉన్నాం, రెండోసారి ఎందుకు? 1990ల్లో డబ్లిన్‌లో ఇలాగే చార్జీ పెడితే మేమంతా కట్టలేదు. కౌన్సిల్ వాళ్లు పగలు కుళాయి కట్ చేసిపోతే రాత్రికి మావాళ్లు కలిపేవాళ్లు. 1996 చివర్లో తీసేశారు. ఇప్పుడూ తీసేస్తారు చూడు.

నేను నవ్వి ఊరుకున్నాను. మూడేళ్లలో ఆవిడ చెప్పినట్టే అయింది.

అప్పుడు మేము నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నేను, హైదరాబాద్ మిత్రుడు, నెల్లూరు తమ్ముడు, ఇందాక చెప్పిన నల్గొండ అబ్బాయి. 2014 సెప్టెంబరులో రిజిస్ట్రేషన్ ఫారం పోస్టులో వచ్చింది. పేరు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, దానితోపాటు పీపీఎస్ నంబరు. పీపీఎస్ అంటే ఇక్కడి ఆధార్ అనుకోండి, పన్నులకూ జీతానికీ ఆస్పత్రికీ అదే. నీళ్లకు అదెందుకు అని ఐరిష్ వాళ్లు మండిపడ్డారు. మాకు మండిపడే ధైర్యం లేదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నాం. నంబరు ఇస్తే ఏమవుతుందో అని కొంచెం, ఇవ్వకపోతే వీసా రెన్యూవల్‌కి అడ్డం పడుతుందేమో అని ఎక్కువ టెన్షన్. ఇల్లుగలాయన ఫోన్ చేసి, మీరు రిజిస్టర్ చేసుకోకపోతే బిల్లు నా నెత్తిన పడుతుంది, డిపాజిట్‌లో పట్టుకుంటాను అన్నాడు. అంతటితో మా ఇంట్లో ప్రజాస్వామ్యం ముగిసింది. హైదరాబాద్ మిత్రుడు పేరు రాసి సంతకం పెట్టాడు. నంబరు అడగడం ఆ నవంబరులో మానేశారు, తీసుకున్నవి చెరిపేస్తామన్నారు. అప్పటికే లక్షల మంది ఇచ్చేశారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. 2021 జనవరిలో హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం అన్నారు కదా. దానికి పనిచేసే మీటరు ఉండాలి, నల్లా కనెక్షన్ నంబరుకు ఆధార్ లింకు చేయాలి. మా మిత్రుడి తమ్ముడు అక్కడ అపార్ట్‌మెంటు సెక్రెటరీ. ఒక్కో ఫ్లాటూ తిరిగి ఆధార్‌లు పోగేయడానికి వాడి తల ప్రాణం తోకకొచ్చింది. గడువు మీద గడువు పొడిగించారు. కానీ ఎవరూ ఫుట్‌పాత్ మీద కుర్చీ వేసుకోలేదు. అవే రెండు షరతులు, మీటరూ గుర్తింపు నంబరూ. అక్కడ బిల్లు మాఫీ చేయడానికి అడిగారు కాబట్టి జనం విసుక్కుంటూనే ఇచ్చారు. ఇక్కడ బిల్లు వేయడానికి అడిగారు కాబట్టి దేశం రోడ్డెక్కింది.

రేటు సంగతి. మొదట చెప్పింది వెయ్యి లీటర్లకు 4.88 యూరోలు. అందులో సగం వచ్చే నీళ్లకు, సగం పోయే మురుగుకు. ఏడాదికి ఇంటికి 30,000 లీటర్లు ఉచితం, పిల్లలుంటే ఒక్కొక్కరికి ఇంకో 21,000. మీటరు లేని ఇళ్లకు మనుషుల లెక్క. ఒక్కరైతే 176 యూరోలు, ఆ పైన పెద్దవాళ్లు ఒక్కొక్కరికీ 102 చొప్పున. నలుగురం బ్రహ్మచారులం. లెక్క వేస్తే 482 వస్తుంది. మాకు మీటరు ఉంది గానీ నలుగురం రోజూ తలస్నానం చేసే రకం, మీటరు మీద ఇంకా ఎక్కువే వస్తుందని నెల్లూరు తమ్ముడు బకెట్ కొనుక్కొచ్చాడు. షవర్ వాడకూడదని రూలు పెట్టాడు. ఆ రూలు ఒక్క వీకెండు నిలిచింది.

2014 అక్టోబరు 11న డబ్లిన్ నడిబొడ్డున పెద్ద ఊరేగింపు. రైట్ టు వాటర్ అనే పేరు మీద యూనియన్లు, లెఫ్ట్ పార్టీలు కలిసి పెట్టారు. అంతకు ముందు రోజు మా నియోజకవర్గంలోనే ఉప ఎన్నిక జరిగింది. నీటి చార్జీలు కట్టొద్దన్న పాల్ మర్ఫీ గెలిచాడు. నవంబరు 1న దేశమంతా ఊరూరా ఊరేగింపులు, లక్షమందికి పైగా వచ్చారని అప్పట్లో లెక్కలు వేశారు. అందులో పిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చిన తల్లులు, పెన్షన్ వాళ్లే ఎక్కువ. జీవితంలో ఎప్పుడూ జెండా పట్టని మా ఆఫీసు రిసెప్షనిస్టు కూడా వెళ్లింది. "నీళ్ల డబ్బు కాదు, ఐదేళ్లుగా ప్రతి బడ్జెట్‌లో ఏదో ఒకటి కోస్తూనే ఉన్నారు, ఇక చాలు" అంది. బ్యాంకులు మునిగితే జీతాల మీద కొత్త చార్జీ, తర్వాత ఇంటి పన్ను, ఇప్పుడు నీళ్లు. అసలు కోపం అక్కడుంది.

నవంబరు 15, శనివారం. మాకు కొంచెం అవతల జాబ్స్‌టౌన్‌లో ఉపప్రధాని జోన్ బర్టన్ ఒక కార్యక్రమానికి వచ్చింది. జనం ఆమె కారు చుట్టూ కూర్చుని రెండు గంటలకు పైగా కదలనివ్వలేదు. ఇంట్లో కూర్చుని ఫోన్లో వీడియోలు చూస్తుంటే మన వీధి చివర రోడ్డు టీవీలో కనిపించడం అదే మొదటిసారి. అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, బయటికి వెళ్లకు నాన్నా అంది. పాల్ మర్ఫీ మీదా ఇంకొందరి మీదా నిర్బంధం కేసు పెట్టారు. 2017 జూన్‌లో జ్యూరీ వాళ్లు దోషులు కాదని తేల్చింది. కారు ఆపడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ రోజు తర్వాతే ప్రభుత్వం దిగొచ్చిందన్నది కూడా నిజం.

నాలుగు రోజులకు మంత్రి అలన్ కెల్లీ కొత్త రేట్లు చెప్పాడు. ఒక్కరే ఉండే ఇంటికి ఏడాదికి 160, మిగతా అందరికీ 260, అంతకు మించదు. మీటరు ఎంత తిరిగినా సరే. పైగా రిజిస్టర్ చేసుకున్న ప్రతి ఇంటికీ ప్రభుత్వం ఏడాదికి 100 యూరోలు ఇస్తుంది, పేరు నీటి పొదుపు గ్రాంటు. అది ఇచ్చేది ఐరిష్ వాటర్ కాదు, పెన్షన్లు ఇచ్చే శాఖ. బిల్లు కట్టకపోయినా వస్తుంది. సొంత బావి ఉన్నవాళ్లకూ వస్తుంది! నీళ్లు ఏమైనా పొదుపు చేశావా అని అడిగేవాడు లేడు. కుడిచేత్తో తీసుకుని ఎడంచేత్తో ఇవ్వడం. తర్వాతి ఏడాది జులైలో యూరోపియన్ యూనియన్ లెక్కల ఆఫీసు యూరోస్టాట్ దీన్ని చూసి, ఇది స్వతంత్రంగా నడిచే కంపెనీ కాదు, దీని అప్పులు ప్రభుత్వ ఖాతాలోనే రాసుకోండి అని తేల్చేసింది. ఐరిష్ వాటర్‌ను వేరే కంపెనీగా పెట్టడానికి చెప్పిన పెద్ద కారణం ఆ ఖాతా బయట ఉండటమే.

డిసెంబరు 10న పార్లమెంటు దగ్గర మళ్లీ వేలమంది. మొత్తానికి లెక్క 2015 జనవరి నుంచి మొదలుపెట్టి, మొదటి బిల్లులు ఏప్రిల్‌లో పంపారు. మూడు నెలలకు 65 యూరోలు. బిల్లు చక్కగా ఉంది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఎన్ని లీటర్లు వాడారు, మీటరు ప్రకారం ఎంత అయ్యేది, మీరు కట్టాల్సింది ఎంత, అన్నీ ఉన్నాయి. మీటరు ప్రకారం మాది 65 దాటింది. అంటే ఎంత వాడినా అంతే. బకెట్ ఆ రోజే బాల్కనీలోకి పోయి మొక్కల తొట్టి అయింది. పొదుపు కోసం పెట్టిన మీటరు, పొదుపుకి పనికిరాని బిల్లు. మీటర్ల పనికి పదుల కోట్ల యూరోలు ఖర్చు పెట్టారు, ఎనిమిది లక్షలకు పైగా బిగించారు.

కట్టడం తేలికే. బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా పోతుంది, లేదంటే పోస్టాఫీసు. కట్టకపోతే? ఇక్కడే మీరు అర్థం చేసుకోవాల్సింది ఉంది. నీళ్లు కట్ చేయరు, ప్రెషర్ తగ్గించరు. చట్టంలోనే ఆ అధికారం తీసేశారు. ఏడాది కట్టకపోతే ఒంటరివాళ్లకు 30, మిగతావాళ్లకు 60 యూరోలు అదనం. కోర్టు ద్వారా జీతంలోంచి పట్టుకునేందుకు 2015లో ఒక చట్టం తెచ్చారు గానీ అది 500 యూరోలు దాటిన బాకీలకు. ఏడాదికి 260 చొప్పున ఆ 500 దాటాలంటే ఎన్నాళ్లు పడుతుందో పక్కింటావిడ వేళ్ల మీద లెక్కేసి చూపించింది. ఆవిడ బిల్లును కవరు విప్పకుండా "పంపినవారికి వాపసు" అని రాసి పోస్టు డబ్బాలో వేసేది. కొందరు పార్లమెంటు ముందు కాల్చేశారు. మొదటి బిల్లు కట్టిన ఇళ్లు సగం కూడా లేవు.

దీన్ని ఇంటి పన్నుతో పోల్చి చూడండి. 2012లో ఇంటికి 100 యూరోల చార్జీ అంటే అప్పుడూ లక్షల ఇళ్లు ఎగ్గొట్టాయి. 2013లో దాని స్థానంలో ప్రాపర్టీ ట్యాక్స్ తెచ్చి, వసూలు పని రెవెన్యూకి అప్పగించారు. రెవెన్యూ అంటే మన ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు. కట్టకపోతే నేరుగా జీతంలోంచి కోసుకుంటారు. అదే జనం, అదే కోపం, నోరు మూసుకుని కట్టారు. ఇప్పటికీ కడుతున్నారు, నేనూ కడుతున్నాను. నీళ్లకు మాత్రం కొత్త కంపెనీ, కొత్త లోగో, కాల్ సెంటర్, మీటరు, గ్రాంటు. వసూలు చేసే చేతికి బలం లేదు, అడిగే నోటికి పరువు లేదు. మన ఆంధ్రలో 2021లో చెత్తకు నెల నెలా డబ్బులు పెట్టినప్పుడు గుర్తుందా, ఇంటింటికీ వచ్చి అడిగేవాళ్లకు జనం ఏం సమాధానాలు చెప్పారో! మూడేళ్లకు ప్రభుత్వం మారాక అదీ పోయింది.

మేము మాత్రం కట్టాం. హైదరాబాద్ మిత్రుడి అకౌంట్ నుంచి పోయేది, ఎక్సెల్ షీట్‌లో నలుగురికీ పంచుకునేవాళ్లం. 2016 ఫిబ్రవరి ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. పాలక పార్టీ ఫైన్ గేల్‌కు బయట నుంచి మద్దతివ్వడానికి ప్రతిపక్ష పార్టీ ఫియానా ఫాల్ పెట్టిన షరతుల్లో నీటి చార్జీలు ఆపేయడం ఒకటి. మార్చి దాకా వేసిన బిల్లులే ఆఖరివి. అంటే మొత్తం ఐదు బిల్లులు, 325 యూరోలు. 2017లో చట్టం చేసి చార్జీలు ఎత్తేశారు, కట్టినవాళ్లకు తిరిగి ఇస్తామన్నారు. దాదాపు పది లక్షల ఇళ్లకు 17 కోట్ల యూరోల పైచిలుకు చెక్కులు పోస్టులో వెళ్లాయి.

చెక్కు అకౌంట్ ఎవరి పేరు మీదుంటే వాళ్ల పేరు మీద. మా చెక్కు వచ్చేసరికి మిత్రుడు ఇండియా వెళ్లిపోయి, హైదరాబాద్‌లో పెళ్లి చేసుకుని కాపురం పెట్టాడు. నెల్లూరు తమ్ముడు టొరంటోలో. పాత ఇంటి తలుపు కింద పడిన కవరును కొత్తగా దిగినవాళ్లు మాకు అందించారు. అదృష్టం కొద్దీ వాడు ఇక్కడి బ్యాంకు అకౌంట్ క్లోజ్ చేయలేదు. నేను చెక్కు తీసుకెళ్లి వాడి అకౌంట్‌లో వేశాను, వాడు అక్కడ నుంచి తలా 81 యూరోల 25 సెంట్లు పంపాడు. ఆ 25 సెంట్ల కోసం వాట్సాప్‌లో నడిచిన జోకులు ఇక్కడ రాయడం కుదరదు. అసలు జోకు వేరే. ఆ 100 యూరోల గ్రాంటు వెనక్కి అడగలేదు. అంటే ఏడాదికి పైగా నీళ్లు తాగినందుకు ప్రభుత్వమే మాకు తలా 25 ఇచ్చినట్టు. రిజిస్టర్ చేసుకుని ఒక్క పైసా కట్టనివాడికి కూడా అదే 100. ఏ కాగితమూ ముట్టని పక్కింటావిడకు సున్నా. ఆవిడకు చెప్తే, "నాకు వాళ్ల డబ్బు అక్కర్లేదు" అంది. ఈ మొత్తం వ్యవహారంలో అడుగు మార్చనిది ఆవిడ ఒక్కతే.

వసూలుకు ఆ ఒక్క స్టారు కూడా చెక్కు టైముకి వచ్చినందుకు.

నా మాట అడిగితే, వాడుకున్న నీళ్లకు డబ్బు కట్టడంలో తప్పేమీ లేదు. తెనాలిలో కుళాయి పన్ను కట్టి, పైన క్యాన్‌కి డబ్బిచ్చి తాగుతాం. ఇక్కడ పల్లెల్లో సొంత నీటి స్కీములు పెట్టుకున్నవాళ్లు ఎప్పటి నుంచో కడుతున్నారు. వాళ్ల గోడు ఈ గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. కానీ శుద్ధి చేసిన నీళ్లలో సగానికి దగ్గరగా పైపుల్లోంచి భూమిలోకి కారిపోతుంటే, ముందు పైపు బాగుచేసి తర్వాత మీటరు పెట్టాలి. 2018లో కూడా ఆ నష్టం 46 శాతం. ఈమధ్య 37 దాకా తగ్గించామంటున్నారు. ఆ లీకులు పట్టుకోవడానికి ఇప్పుడు పనికొస్తున్నవి ఆ మీటర్లే. మొదట్లోనే లీకుల కోసం అని చెప్పి బిగించి ఉంటే మా వీధిలో కుర్చీ పడేది కాదేమో.

ఇది నా అనుభవం కూడా. 2019లో మేము ఇల్లు కొన్నాక ఒక ఉత్తరం వచ్చింది, మీ ఇంటి మీటరు రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతోంది, లీకు ఉండొచ్చు అని. మొదటిసారి రిపేరు వాళ్లే ఉచితంగా చేసే పథకం ఉంది. ఫోన్ చేస్తే మనుషులొచ్చి, ఒక పరికరం నేల మీద పెట్టి విని, కారు నిలిపే చోట కింద పైపు పగిలిందని చెప్పి, తవ్వి బాగుచేసి, రాళ్లు మళ్లీ పేర్చి వెళ్లారు. కారు బయట పార్క్ చేయమన్నారు, అంతే. ఈ సర్వీసుకు ఐదు స్టార్లు. ఇంటి లోపలి లీకులు మాత్రం మన ఖర్చే.

కొత్తగా వచ్చేవాళ్లకు నాలుగు ముక్కలు. ఇప్పుడు ఇళ్లకు నీటి బిల్లు లేదు. చట్టంలో ఏడాదికి 2,13,000 లీటర్లు దాటితే అదనపు చార్జీ అని ఉంది, కానీ దాన్ని వాయిదా మీద వాయిదా వేస్తూ వస్తున్నారు. సగటు ఇల్లు వాడేదానికి అది ఒకటిన్నర రెట్లకు పైనే. ఇంట్లో నలుగురికంటే ఎక్కువమంది ఉంటే అదనంగా అనుమతిస్తారు, అమ్మానాన్నలు వచ్చి నెలలు ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. నీటి బిల్లు పేరుతో ఎవరైనా మెసేజ్ పంపి లింకు నొక్కమంటే నొక్కకండి. లీకు ఉత్తరం వస్తే మాత్రం పక్కన పడేయకుండా ఫోన్ చేయండి. ఇల్లు కొనేవాళ్లు 1970కి ముందు కట్టినదైతే సీసం పైపులు ఉన్నాయేమో చూపించుకోండి, బయట స్టాప్‌కాక్ ఎక్కడుందో అమ్మేవాళ్లనే అడిగి తెలుసుకోండి. మా పాత వీధిలో సగం మందికి తెలియదు. అక్కడి పక్కింటావిడను అడిగితే ఎవరిది ఎక్కడుందో అన్నీ చెప్తుంది.